కరెంటుకు వంతులు

మీరు కొత్తగా సిమ్యులేటర్ గదిలో కాలు పెడుతున్నారు. చూడగానే అది నిజం కంట్రోల్ రూమే అనుకుంటారు. అవే బల్లలు, అవే తెరలు, అవే ఎర్ర దీపాలు, చెవులు చిల్లులు పడేలా అదే అలారం. కానీ గోడ అవతల టర్బైను లేదు, బాయిలరు లేదు. అంతా లెక్క. లెక్కలోనే జనరేటరు తిరుగుతుంది, లెక్కలోనే పిడుగు పడుతుంది, లెక్కలోనే యూనిట్ కూలిపోతుంది. కూలినా ఎవరికీ దెబ్బ తగలదు, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవచ్చు. బతుకులో ఇంత సుఖం ఇంకెక్కడుంది చెప్పండి?

నేను పెద్దగా చదువుకోలేదు. పదో తరగతి దగ్గర ఆగిపోయాను. తోటపల్లి గూడూరు మండలంలో మా వరి కయ్యలు కరెంటు ప్లాంటు కిందకి పోతే ఇంటికొకరికి ఉద్యోగమన్నారు, మా ఇంట్లో ఆ ఒక్కరూ నేనయ్యాను. ఎన్ని మెట్లు ఎక్కాను, ఏ కాగితం ఎప్పుడొచ్చింది, ఆ సంగతులు మీకు పనికిరావు. పనికొచ్చేది ఒకటే ఉంది. అది చెప్తాను.

గదిలో నా పని

సిమ్యులేటర్‌ను నడిపించడం నా పని. ప్లాంటులో యూనిట్, అంటే బాయిలరూ టర్బైనూ జనరేటరూ కలిసిన జట్టు, ట్రిప్ అయి ఆగిపోయినప్పుడు రికార్డర్ పట్టిన గీతలు ఉంటాయి. అవి తెచ్చి, అదే లోపాన్ని మా లెక్కలో సృష్టించి, వచ్చిన గీతల్ని వాటి పక్కన పెట్టాలి. రెండూ కలిస్తే మా లెక్క నిజానికి దగ్గరగా ఉన్నట్టు. కలవకపోతే మేము ఎక్కడో ఏదో మరిచిపోయినట్టు.

కొత్త ఆపరేటర్లు శిక్షణకు వచ్చినప్పుడు వాళ్ళ మీదకి ఆపదలు వదలడం కూడా నా పనే. పంపు ఆపేసేదాన్ని, లైను తెంపేసేదాన్ని, వాళ్ళు టీ కప్పు చేతిలోకి తీసుకునే సమయం చూసి. "అక్కా, నీకు జాలి లేదా?" అనేవాళ్ళు. జాలి ఉంది కాబట్టే ఇక్కడ ఏడిపిస్తున్నాను, అక్కడ ఏడవకుండా.

ఇంజినీరింగ్ చదవని నాకు ఇదంతా ఎట్లా అర్థమైందంటే, మా చీఫ్ రాఘవులు గారి వల్ల. గుంటూరు వైపు మనిషి. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. కానీ ఎవరికైనా సరే, వాళ్ళకు తెలిసిన దానిలోంచే తెలియనిది చెప్పేవారు. నేను చేరిన కొత్తలో నన్ను తెర ముందు కూర్చోబెట్టి అడిగారు.

"పెంచలమ్మా, మీ ఒడ్డున పెద్దవల లాగడం చూశావా?"

"చూశాను సార్."

"తాడు పట్టుకున్నవాళ్ళంతా ఒకే ఊపులో వెనక్కి నడుస్తారు కదా. ఉన్నట్టుండి తాడు వదులైతే?"

"వెల్లకిలా పడతారు సార్."

"జనరేటరూ అంతే. లైనులో లోపం వచ్చిందంటే దాని మీద బరువు ఒక్కసారిగా పోతుంది. ఆవిరి మాత్రం తోస్తూనే ఉంటుంది. మిషను ముందుకు దూకుతుంది. లోపం పోయి తాడు మళ్ళీ బిగిసినప్పుడు మిగతా జనరేటర్లతో అడుగు కలిపిందా, నిలబడింది. కలపలేకపోయిందా, పోయింది."

నిలబడటం, పోవడం. నా ఉద్యోగమంతా ఆ రెండు మాటల మధ్యే గడిచింది.

మబ్బు పట్టిన రోజులు

సముద్రం పక్కన ప్లాంటు అంటే ఉప్పుతో కాపురం. లైన్లను స్తంభాలకు పట్టి ఉంచే పింగాణీలకు ఉప్పు పొర పట్టి ఉంటుంది. ఎండలో అది ఏమీ చెయ్యదు. వానకు ముందు తేమగాలి తగిలి తడిసిందంటే చిటపటమని నిప్పు దాటుతుంది. రెప్పపాటులో రక్షణ పరికరాలు ఆ లోపాన్ని తీసేస్తాయి. ఆ కుదుపుకు మా యూనిట్ కాస్త ఊగి నిలబడాలి. మా సిమ్యులేటర్ కూడా నిలబడుతుందనే చెప్పేది, ఎన్నిసార్లు అడిగినా.

ఒక వానాకాలంలో ఆ మాట తప్పడం మొదలైంది. లోపం వచ్చేది, రెప్పపాటులో పోయేది, అయినా వోల్టేజి లేచేది కాదు. పాతాళంలో పడి అక్కడే కొట్టుకులాడేది. మా సొంత పంపులూ ఫ్యాన్లూ ఆ నీరసం తట్టుకోలేక ఒక్కొక్కటే ఆగి, చివరికి యూనిట్ పడిపోయేది. యూనిట్ పడితే తీరమంతా కరెంటు పోయేది.

అప్పుడు మా గదికి ఇంజినీరుగా ఉన్నది హారిక. గూడూరు నిమ్మకాయల మండీ వాళ్ళమ్మాయి. పని పట్టిందంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు. ఆ పిల్ల గీతలన్నీ నేల మీద పరిచి, వాటి మధ్య గొంతుక్కూర్చుని నన్ను పిలిచింది.

"అక్కా, ఎండ కాసిన రోజు ఏ పిట్టో తగిలి ఇట్టాంటి లోపమే వస్తే యూనిట్ నిలబడతాంది. మబ్బు రోజు వస్తే పడిపోతాంది. మబ్బుకి జనరేటర్ భయపడదు గదా. బయట లోడులో ఏందో మారతా ఉండాది."

"మబ్బుకు భయపడేది రొయ్యల గుంటలు మేడమ్," అన్నాను.

రొయ్యలు పెంచే ఊళ్ళలో ఇది చిన్నపిల్లలకీ తెలుసు. ఎండ లేకపోతే గుంట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకని మబ్బు పట్టగానే తీరం పొడవునా రైతులు ఏరేటర్లన్నీ వేసేస్తారు. ఏరేటరంటే మోటారుతో తిరిగే రెక్కల చక్రం, నీటిని చిలికి గాలి కలుపుతుంది. మా సిమ్యులేటర్‌కు గుంటల సంగతే తెలియదు. ఆ లైన్ల చివర ఇళ్ళలో బల్బులే ఉన్నాయనుకుంటోంది.

ఇద్దరం వెళ్ళి చీఫ్ సారుకు చెప్పాం. ఆయన తక్షణం తీర్పు చెప్పేశారు.

"అయితే మబ్బు రోజుల్లో ఆ గుంటల లైన్లకు కరెంటు తీసేయమందాం. యూనిట్ ఉంటేనే కదా ఎవరికైనా కరెంటు!"

ఆ లైను మీద మొదటి గుంటలు మా పెదనాన్న కొడుకు మస్తానన్నవి. మబ్బు రోజున ఏరేటర్లు ఆపడమంటే పంట చంపుకోవడమే. మా ఊళ్ళో కయ్యలు పోయినవాళ్ళు చాలామంది మిగిలిన కొంచెం నేలలో గుంటలు తవ్వుకుని బతుకుతున్నారు. అవీ పోతే ఇంక మిగిలేదేముంది?

"సార్, ఒక్క వారం ఇయ్యండి. వేరే దారి ఉండాదేమో సిమ్యులేటర్‌ని అడుగుతాం," అంది హారిక.

"అడగండి. అది చెప్పకపోతే మాత్రం నేను చెప్పిందే," అన్నారు సారు.

తాటిపుల్ల

మర్నాడు హారికను వెంటబెట్టుకుని మా ఊరు వెళ్ళాను. మస్తానన్న గుంట గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏమ్మే పెంచలమ్మా, ప్లాంటోళ్ళని ఎంటేసుకోనొచ్చినావే? మిగిలిన నేల గూడా కొలవడానికా?"

"నీ నాలిక కొలవడానికన్నా. ఈ అమ్మాయి ఇంజినీరు. నీ మోటార్లు చూడాలంట."

హారిక మోటార్లను చూడలేదు. నేరుగా వెళ్ళి స్టార్టర్ డబ్బా దగ్గర వంగింది. మోటారు మొదలుపెట్టే పచ్చ బొత్తాం లోపలికి నొక్కి ఉంది. అది బయటికి రాకుండా సందులో ఒక తాటిపుల్ల దోపి ఉంది. పక్క డబ్బా చూసింది, అక్కడా పుల్ల. పక్క గుంట వెంగయ్యవి చూసింది, అక్కడా అంతే.

"ఈ పుల్ల ఏందన్నా?"

మస్తానన్న గర్వంగా నవ్వాడు. "కరెంటు రవ్వంత నీరసపడితే స్టార్టరు పడిపోతది తల్లా. మళ్ళీ ఎవురో ఒకరు పరిగెత్తి నొక్కాల. ఇన్ని గుంటలకి ఎవురు పరిగెత్తేది? పుల్ల దోపినామనుకో, కరెంటు తేరుకున్న నిమిషమే అదే లేస్తది. ఈ తెలివి మా ఊరోళ్ళదే. ఇప్పుడు తీరమంతా నేర్చుకున్నారు."

హారిక చప్పున నా వంక తిరిగింది. నాకూ అప్పుడే వెలిగింది. లోపం రాగానే వోల్టేజి పడుతుంది, మోటార్లు ఆగుతాయి. వోల్టేజి తల ఎత్తుతుండగానే తీరం మీది మోటార్లన్నీ, పుల్లలున్నాయి కాబట్టి, ఒక్కసారే లేవబోతాయి. ఆగిన మోటారు లేవడానికి మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. అన్నీ కలిసి గుంజితే వోల్టేజి మళ్ళీ కూలబడుతుంది. లేవనివ్వవు, పడుకోనివ్వవు.

రొయ్య చావకూడదని దోపిన పుల్ల, యూనిట్‌ను పడగొట్టి ఆ రొయ్యనే చంపుతోంది. పుల్ల దోపినవాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు. తన గుంట ముందు నిలబడిన మనిషికి తన గుంటే కనిపిస్తుంది. తీరమంతా ఒకేసారి కనిపించేది మా గదిలో మాత్రమే. ఆ గది ఉన్నదే అందుకు.

గదికి వచ్చి హారిక గుంటల్ని లెక్కలోకి ఎక్కించింది, ఆగిన మోటార్లుగా, పుల్లలతో సహా. నేను రన్ మొదలుపెట్టాను. తెర మీద వోల్టేజి గీత పడింది, లేవబోయింది, మళ్ళీ కూలబడి అక్కడే వణికింది. రికార్డర్ గీత తెచ్చి పక్కన పెట్టాను. కవల పిల్లల్లా ఉన్నాయి. ఇద్దరం చేతులు పట్టుకుని గదంతా గంతులేశాం. నా వయసు గుర్తొచ్చి నేను ముందు ఆగాను.

కానీ చీఫ్ సారు చూసి, "నేనన్నది అదే కదా! మోటార్లదే తప్పు. తీసేయండి," అన్నారు.

"మోటార్లది కాదు సార్, అన్నీ ఒకేసారి లేవడానిది," అంది హారిక.

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే. ఒక్కొక్కటిగా లేపి చూపించు," అన్నారు.

చివరి కయ్య ముందు

లేపడం అంత సులువు కాలేదు. లెక్కలోనే పుల్లలు తీసేసి, ఆగిన మోటారును దాని వంతుకు లేపే టైమర్లు స్టార్టర్లకు పెట్టి, ప్లాంటుకు దగ్గరున్న గుంటలకు మొదట, దూరం గుంటలకు తర్వాత కరెంటు అందేలా చేసి చూశాం. యూనిట్ నిలబడింది కానీ చివరి గుంటల మోటార్లు మాత్రం లేవలేదు. వాటి దాకా వెళ్ళేసరికి లైనులో బలం మిగల్లేదు.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా కాలవ కింద నీళ్ళకు వంతులుండేవి. నీళ్ళు తక్కువైన ఏడాది మొదటి కయ్యలవాళ్ళు తూము మూసుకుని కూర్చునేవాళ్ళు, చివరి కయ్య తడిసేదాకా. మొదటివాడికి ఎప్పుడైనా దొరుకుతుంది, చివరివాడికి కాలవ ఖాళీగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

"మేడమ్, తిరగేసి చూస్తే? చివరి గుంటలు ముందు?"

హారిక అప్పటికే కీబోర్డు మీద ఉంది. "నేనూ అదే అనుకుంటన్నాక్కా. లైను ఖాళీగా ఉండేటప్పుడే దూరంవి లేపాల."

తిరగేశాం. గీత పడింది, లేచింది. చిన్న పల్లం, మళ్ళీ లేచింది. ఇంకో పల్లం, మళ్ళీ లేచింది. ఒక్కో గుంపు లేస్తున్నప్పుడల్లా ఒక మెట్టు దిగి, రెండు మెట్లు ఎక్కుతున్నట్టుంది. చివరికి నిలువునా నిలబడింది. లోపం ఎక్కడ పెట్టినా, మబ్బు ఎంత పట్టించినా నిలబడింది.

తెర ఒప్పుకుంది. ఇంక మనుషులు ఒప్పుకోవాలి. రైతుల్ని సిమ్యులేటర్ గదికే పిలుద్దామన్నాను. సారు మొదట ఎగిరిపడ్డారు, తర్వాత టీలు కూడా చెప్పించారు.

రైతులు చెప్పులు బయట విప్పి, గుడిలోకి వచ్చినట్టు వచ్చారు. ముందు ఇప్పుడు జరుగుతున్నదే చూపిద్దామని, లోపం పెట్టే మీట మస్తానన్న చేత నొక్కించాను. అలారాలు మోగాయి, దీపాలన్నీ ఎర్రబడ్డాయి, యూనిట్ పడిపోయింది. అన్న గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఓరి నాయనో! నా రొయ్యలు పొయ్యినాయా?"

"ఇది ఉత్తుత్తిదన్నా. నీ రొయ్యలు హాయిగా ఉన్నాయి."

"ఆ ముక్క ముందు చెప్పొద్దా? నా పేణం పొయ్యింది గదమ్మే!"

గదంతా నవ్వింది. తర్వాత వంతుల సంగతి చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"నావి ఆఖరా?" అన్నాడు మస్తానన్న. "లైను మొదట్లో ఉండేటోడికి మొదట రావాల. ఇదేం న్యాయం?"

లైను చివర గుంటలున్న మాలకొండయ్య, వెంగయ్య బంధువు, లేచాడు. "ఇన్నాళ్ళూ మీ గుంటలు నిండా తిరిగినాక మిగిలింది గదా మాకొచ్చేది! మా రొయ్యలు రొయ్యలు గావా?"

"నీ గుంటలు నువ్వే అంత దూరాన తవ్వుకుంటివి గదరా, నాకేం చెప్తావు?"

"ఆఁ, నువ్వేమో సబ్‌స్టేషన్ ఒళ్ళో కూర్చోని కతలు చెప్పు!"

వాదన ముదురుతుంటే నేను రన్ మొదలుపెట్టాను, మొదటివాళ్ళు ముందు అన్న పద్ధతిలో. మస్తానన్న మోటార్లు లేచాయి. మాలకొండయ్యవి లేవలేదు, తెర మీద ఎర్రగా నిలిచిపోయాయి. రెండో రన్, చివరివాళ్ళు ముందు. అందరివీ పచ్చబడ్డాయి. అన్న తెర దగ్గరికి జరిగి, తన గుంటల గుర్తు మీద వేలు పెట్టాడు.

"ఒకటి అడుగుతా, సూటిగా జెప్పు తల్లా. నావి ఆఖరున లేస్తయి, సరే. రొయ్య ఊపిరాడక పైకి తేలే లోపల లేస్తయా, లేవవా?"

"లేస్తాయన్నా. మీరు చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగే లోపల," అంది హారిక.

"నేను చుట్ట మానేసినా."

"అయితే ఒకసారి తువ్వాలు దులిపి భుజాన ఏసుకునే లోపల."

అన్న తువ్వాలు తీసి దులిపాడు. భుజాన వేసుకున్నాడు. అందరి వంకా చూశాడు.

"తియ్యండి పుల్లలు. ముందు నాయి తియ్యండి. నన్ను చూసి మిగతావోళ్ళు తీస్తారు."

చీఫ్ సారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. కానీ తన మాట విడవలేదు. "టైమర్లు మేమే పెట్టిస్తాం. అయినా చెప్తున్నాను, ఈసారి మబ్బులో యూనిట్ పడితే మాత్రం లైన్లు తీయించక తప్పదు. నా పైన కూడా మనుషులున్నారు."

మీకు చెప్పదలిచింది

అసలు రోజు సంగతి చెప్పే ముందు నా మాటలు రెండు వినండి. తెర మీద గీత అందంగా ఉందని సంబరపడొద్దు. నిజం గీత పక్కన పెట్టి చూడండి. కలవలేదంటే నిజాన్ని తప్పు పట్టకండి. లైను చివర ఏముందో వెళ్ళి చూసి రండి, చెప్పులకు బురద అంటినా సరే. కోప్పడే బాస్ చెడ్డవాడు కాదు, మీరు తెచ్చిన గీత చూడనివాడే చెడ్డవాడు. మా సారు ప్రతి గీతా చూసేవారు. తన మాట ఓడిపోయే గీతను కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసేవారు.

వంతులు నడిచిన రోజు

టైమర్లన్నీ బిగించాక వచ్చిన మొదటి మబ్బు అది. మధ్యాహ్నం భోజనాల వేళకే ఆకాశం నల్లబడింది. సముద్రం మీదనుంచి తేమగాలి మొదలైంది. తీరం పొడవునా ఏరేటర్లు వేసేశారని కంట్రోల్ రూము నుంచి కబురొచ్చింది. నేను కొత్త బ్యాచ్‌కు పాఠం చెప్తున్నాను. గదిలో దీపాలు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచాయి.

అది నేను పెట్టిన లోపం కాదు.

హారికా నేనూ వరండా చివర ఉన్న నిజం కంట్రోల్ రూముకు పరుగెత్తాం. చీఫ్ సారు అప్పటికే బల్ల వెనక నిలబడి ఉన్నారు. ఆపరేటర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర చూస్తున్నాడు. మిషను ఊగుతోంది. పైకి, కిందికి, మళ్ళీ పైకి. వోల్టేజి అడుగున పడి ఉంది.

గీత కదిలింది. లేచింది.

"మాలకొండయ్య గుంటలు," అంది హారిక, దేవుడి పేరు తలుచుకున్నట్టు.

గీతలో చిన్న పల్లం పడింది, పూడింది. ఇంకో పల్లం, అదీ పూడింది. మా గదిలో ఎన్నోసార్లు చూసిన మెట్లు ఇప్పుడు నిజం తెర మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. మిషను ఊపు తగ్గుతోంది. పంపులు తిరుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్క అలారం కూడా కొత్తగా మోగలేదు.

"ఇంకా ఎవరు మిగిలారు?" అడిగారు సారు, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

"మా అన్న సార్."

ఫోన్ చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాను.

"అన్నా, యాడున్నావు?"

"యాడుంటా, గట్టు మీదనే ఉండా. వెంగయ్యవి తిరగతన్నయి, మోత ఇనబడతంది. నా వంతు రాలా ఇంకా. తువ్వాలు దులిపినానమ్మే. వస్తదంటావా?"

తెర మీద ఆఖరి పల్లం పడింది. ఫోనులో దబదబా నీళ్ళు కొట్టుకునే చప్పుడు మొదలైంది. ముందు ఒక చక్రం, తర్వాత రెండు, తర్వాత ఎన్నో చెప్పలేనంత హోరు. పల్లం పూడింది. గీత తాడు బిగించినట్టు తిన్నగా నిలబడింది.

హారిక నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నేను నవ్వుతూనే ఉన్నాను, ఆగలేక. చీఫ్ సారు వంగి ఫోను దగ్గర నోరు పెట్టారు.

"మస్తానయ్య గారూ! ఇక మీ లైను ఎవరూ తీయరు!"

"ఏందీ? ఇనబడలా సారూ, నీళ్ళ మోత!"

సారు నిటారుగా నిలబడి, కంట్రోల్ రూము దద్దరిల్లేలా, ఆ మాట మళ్ళీ అరిచి చెప్పారు.